పక్క కుర్చీలో పిల్లికూతలు

దయ్యం మాటెత్తిన మనిషితో గొడవ పెట్టుకునే రకం నేను. నర్సుగా ఎన్నో చావులు కళ్లారా చూశాను. పోయినవాళ్లెవరూ తిరిగొచ్చి సెలైన్ మార్చమని అడగలేదు.

చిత్తూరులో నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో ఆమధ్య నర్సుల ఒత్తిడి తగ్గించడానికి ధ్యానం తరగతులు పెట్టారు. మధ్యాహ్నం కింద హాల్లో కళ్లు మూసుకుని కూర్చోవాలి. ఊపిరిని గమనించాలి.

"ఇంకో ఇద్దర్ని పనిలో పెట్టండి సార్, ఊపిరి మేమే తీసుకుంటాం," అన్నాను నేర్పించడానికి వచ్చినాయనతో. నవ్వేసి కళ్లు మూసుకోమన్నాడు.

విడ్డూరమేమిటంటే, మేమంతా ప్రశాంతంగా కూర్చోవాలంటే పైన వార్డులో ఒకరు అందరి పనీ నెత్తిన వేసుకోవాలి. ఆ రోజు వంతు కవితది. ఐరాల ఊరి పిల్ల. ఉబ్బసం ఉంది.

"పోయి రాండక్కా, వార్డు యాడికీ పోదు. నేను సూసుకుంటా," అని నన్ను మెట్లదాకా తోసింది.

కళ్లు మూసుకున్న కాసేపటికి పక్క కుర్చీలోంచి పిల్లికూతలు వినిపించాయి. గాలి ఆడక ఛాతీ చేసే చప్పుడు, నాకు కొత్త కాదు. కళ్లు తెరిచాను. కుర్చీ ఖాళీ. హాల్లో ఎవరికీ ఆయాసం లేదు. ఫ్యానేమో అనుకుని మళ్లీ మూశాను. ఈసారి నా చెవి పక్కనే. కవిత గుర్తొచ్చింది.

లేచి పరుగెత్తాను.

"ఆలోచనలు వస్తుంటాయి మేడమ్, వాటిని పోనివ్వండి," అంటున్నాడాయన వెనక నుంచి.

"పోనిచ్చేది కాదు సార్ ఇది!"

పైన వార్డులో కవిత లేదు. దుప్పట్లు పెట్టే గదిలో, మూసిన తలుపు వెనక, నేల మీద పడి ఉంది. పెదాలు నీలంగా మారాయి. డాక్టర్‌ను కేకేసి ఆక్సిజన్ పెట్టాను. బతికింది.

ధ్యానం మహిమ అన్నాడు నేర్పించే ఆయన. మహిమైతే మిగతావాళ్ల చెవులు ఏమయ్యాయని అడిగాను. 

"నేను పిలవనే లేదక్కా. నోరు పెగల్లా," అంది కవిత మర్నాడు.

డాక్టర్ ఇంకో మాట చెప్పాడు. "గాలి కదిలితేనే కదా సిస్టర్ కూత. మీరు విన్నానంటున్న టైముకే అదీ ఆగిపోయుంటుంది. స్టెతస్కోపు పెట్టినా నాకేం వినపడలా."

ఇప్పుడు వార్డులో ఒక్కదాన్నే వదిలి ఎవరూ కిందికి దిగరు. యాజమాన్యంతో పోట్లాడి మరీ సాధించాను. ఆ పోట్లాటలో ప్రతి మాటకూ నా దగ్గర జవాబుంది. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టినా వినపడని ఊపిరి, కింద హాల్లో నా చెవి పక్కకు ఎలా వచ్చిందంటే మాత్రం లేదు.