ఏడో నెల పిల్ల నొప్పి

నర్సు రెబ్కాతో డ్యూటీ అంటే డాక్టర్ సుదర్శనం నర్సింగ్ హోంలో అందరికీ విసుగే. ఆమె నోరు ఊరుకోదు. 1984 మార్చిలో, కల్లంలో మిరపకాయల తొడిమలు తీస్తుండగానే నొప్పులొచ్చి, అంకమ్మ అనే కూలీ అక్కడికొచ్చి ఏడో నెలలోనే ఆడపిల్లను కన్నది. పదో రోజున పిల్ల తొడ మీద చీముగడ్డ లేచింది. మత్తు లేకుండానే కోయడానికి సిద్ధమయ్యాడు డాక్టరు.

"కాళ్లు గట్టిగా పట్టుకో," అన్నాడు రెబ్కాతో.

"ముందు తొడకి మత్తు ఇంజెక్షన్ ఇవ్వండి సార్."

"నెలలు నిండని పిల్లకి నరాలే సరిగా ఏర్పడవు. ఇక నొప్పెక్కడిది? నువ్వేమన్నా ఎంబీబీఎస్ చదివావా?"

"చదవలేదండీ. పుట్టిన రోజే తల్లి కారం చేత్తో బుగ్గ తుడిస్తే ఈ పిల్ల గుక్కపట్టింది. గంటసేపు నేనే ఎత్తుకు తిరిగాను. నరాల్లేకుండానే మండిందా?"

"పట్టుకుంటావా, ఇంటికి పోతావా?"

రెబ్కా పిల్లను ఎత్తుకుని గోడకు ఆనుకుంది. "ఇంజెక్షన్ ఇచ్చాక పోతాను."

డాక్టరు తిట్టుకుంటూ మందు ఎక్కించాడు. సూది గుచ్చగానే పిల్ల కెవ్వుమంది. కాసేపాగి కత్తి పెడితే మెలకువగానే ఉన్నా కదలలేదు. అతను అది చూశాడు.

"రేపట్నుంచి రావద్దు," అన్నాడు.

"కట్టు కట్టి వెళ్తాను," అంది రెబ్కా.