దారం కట్టిన అడకత్తెర

మా టీచరుగారు పోయారు. కొత్తపేట నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు, దిగుతున్న పిల్లల మధ్య నుంచి నాకీ మాట చెప్పి, భుజాన సంచి సర్దుకున్నాడు. అతనూ ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. నేను పాఠాలు చెప్పే రాజోలు బడికి సెలవు పెట్టి, అదే బస్సులో వెనక్కి మా ఊరికి బయల్దేరాను. దారి పొడవునా కాలవ నాతో పాటే వచ్చింది.

మా చిన్నప్పుడు ఆవిడ మా పక్కింట్లో ఉండేవారు. రెండిళ్ళకీ నడుమ కొబ్బరాకుల దడి, దడిలో ఒక కంత. ఆ కంతలోంచి ఆవిడ పిల్లి ఇటూ, నేను అటూ పోతుండేవాళ్ళం. ఒంటరి మనిషి. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి, మిగతా రోజులు బడికి. ఎంత చిన్నపిల్లలనైనా మీరనే పిలిచేవారు. ఒకటో తరగతి పిల్ల ముక్కు చీదుకుంటూ ఏదో చెప్పబోయినా, తల ఓ పక్కకి వంచి "ఆయ్, చెప్పండి" అని ఆగేవారు. ఆ ఆగడంలో ఎంత తీరికో! నేనూ ఇప్పుడు టీచర్నే. ఆ తీరిక నాకింకా పట్టుబడలేదు.

ఆవిడ ఇంట్లో బిస్కట్ల డబ్బా నిండా మాత్రలుండేవి. ఆసుపత్రికి వెళితే పూట గడిచిపోతుందని, జ్వరం వచ్చినా తలనొప్పి వచ్చినా వీధి వీధంతా ఆ డబ్బా దగ్గరికే వచ్చేది. వక్కలు కత్తిరించే అడకత్తెరతో మాత్రని టక్కున రెండు చేసేవారు. "పెద్దవాళ్ళకి ఒకటి, పిల్లలకి అర, చంటివాళ్ళకి పావండీ" అనేవారు. తాంబూలం అలవాటు లేని మనిషి. ఆ అడకత్తెర వాళ్ళమ్మగారిదట.

డెబ్బైల చివర్లో ఒక వానాకాలం. నాకు పదేళ్ళు. జ్వరంతో పడుకుంటే దూలాలు మెల్లగా తేలుతున్నట్టు, కాలవ మా ఇంట్లోంచే పారుతున్నట్టు ఉండేది. కాళ్ళ దగ్గర చుక్కమ్మ ముడుచుకుని పడుకుంది. నుదుట నల్లచుక్క ఉన్న తెల్లపిల్లి, టీచరుగారి ఇంట్లో ఆవిడ కాక ఉన్న ప్రాణం అదొక్కటే. దాని చెవులు కూడా నా అరచేతుల్లాగే కాలిపోతున్నాయి. ఇద్దరం ఒకే జ్వరంలో ఉన్నాం అనుకున్నాను. పొద్దున ఆవిడ ఇచ్చిన అర మాత్రతో నాకు చెమట పట్టి హాయిగా ఉంది. సాయంత్రానికి దాచుకోమన్న మిగతా అర నా దిండు కింద ఉంది. దాన్ని చితక్కొట్టి, మీగడలో కలిపి, చుక్కమ్మ చేత నాకించాను. ఎంత ప్రేమగా నాకించానో చెప్పలేను.

చీకటి పడేవేళ టీచరుగారు వచ్చి పిల్లిని ఎత్తుకున్నారు. "అయ్యో, దీనికీ ఒళ్ళు కాలిపోతోందండీ" అంటూ ఇంటికి తీసుకెళ్ళారు. అడకత్తెర రెండుసార్లు టక్కుమంది. పావు చేస్తున్నారని తెలిసింది. కంతలోంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది. తిడతారని భయపడి దుప్పటి ముసుగేసుకున్నాను. ఆవిడ ఎప్పుడూ ఎవరినీ తిట్టలేదు మరి.

తెల్లారేసరికి చుక్కమ్మ మొహం, పాదాలు ఉబ్బిపోయాయి. నోట్లోంచి సొంగ. ఊపిరి కోసం పొట్ట ఎగదన్నుతోంది. పశువుల డాక్టరుగారు సైకిలు మీద వచ్చి పెదవి ఎత్తి చూశారు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు బురదరంగుకి తిరిగాయి.

"ఏం పెట్టేరండీ దీనికి?"

"జ్వరం మాత్రండీ. పావే పెట్టేను."

"పావుకే ఇంత తొందరగానా?" అని ఆయన పిల్లిని మరోసారి చూశారు. "ఎంతైనా తప్పేనండీ. పిల్లి అంటే చిన్న మనిషి కాదు. మన ఒంట్లో అరిగే మందు దాని ఒంట్లో అరగదు, విషమైపోద్ది. రక్తం పాడైపోయి ఊపిరందదు. మింగిన వెంటనే తెచ్చుంటే ఏదో ప్రయత్నం చేసేవాణ్ణి."

దడి ఇవతల నిలబడి అంతా విన్నాను. కంత దాటి అటు వెళ్ళలేదు. మధ్యాహ్నానికి చుక్కమ్మ పోయింది.

నందివర్ధనం మొదట్లో దాన్ని పాతిపెట్టి, చేతులు కడుక్కుని, టీచరుగారు వీధిలో ఇంటింటికీ వెళ్ళారు. "నా చేత్తో నేనే చంపుకున్నానండీ. పిల్లికీ కుక్కకీ మన మాత్రలు ముట్టించకండి" అని చెప్పుకున్నారు. తిరిగొచ్చి అడకత్తెరకి ఎర్రదారం చుట్టి ముడేశారు. ఇంకెప్పుడూ ఎవరికీ మాత్ర విరిచి ఇవ్వలేదు. దూడకి బాగాలేదని ఎవరైనా వస్తే "పదండి, నేనూ వస్తాను" అని పశువుల ఆసుపత్రి దాకా తోడు నడిచేవారు. దారంతా చుక్కమ్మ సంగతే. "టీచరుగారు పిల్లి పురాణం మొదలెట్టేరు" అని వీధివాళ్ళు నవ్వుకునేవారు. ఆ పురాణంలో పాపమంతా ఆవిడొక్కరిదే. అది మొదలైతే నేను మెల్లగా పక్కకి తప్పుకోవడమే.

ఉద్యోగం వచ్చి రాజోలు బయల్దేరిన రోజు, బస్సు కోసం ఆవిడతో పాటు అరుగు మీద కూర్చున్నాను. చినుకులు పడుతున్నాయి.

"టీచరుగారండీ, ఆ చుక్కమ్మ సంగతి..."

"ఆయ్, చెప్పండి" అని తల పక్కకి వంచారు.

చాలాసేపు ఆగారు. తొందరపెట్టలేదు. అంతలో బస్సు వచ్చింది, నేను ఎక్కేశాను. కిటికీలోంచి చూస్తే ఆ తల ఇంకా అలా వంగే ఉంది.

మొన్న మట్టి వేసి అందరూ వెళ్ళిపోయాక, ఆవిడ మేనకోడలు నా చేతిలో ఒక గుడ్డమూట పెట్టింది. "మీకే ఇమ్మని అత్తయ్య మరీ మరీ చెప్పేరండీ. ఎందుకో చెప్పలేదు." విప్పితే అడకత్తెర. దారం కొత్తది, ఈమధ్యే మార్చినట్టున్నారు.

తడిమట్టి పక్కన కూర్చుని చెప్పాను. "అర మాత్ర నేనిచ్చేనండీ. మీకన్నా ముందే ఇచ్చేను." ఇంత చిన్న మాటకి ఇన్నేళ్ళు పట్టింది నాకు. ఆవిడకి ఎప్పటినుంచి తెలుసో మరి. సిగ్గుతో ఏడ్చాను, ఆవిడ మీద ప్రేమతో కూడా ఏడ్చాను. ఇక మా బడిలో పిల్లి పురాణం నేనే చెబుతాను, అందులో ఇద్దరం ఉంటాం.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ అరుగే కనిపిస్తోంది. చినుకులు. ఆవిడ ఒళ్ళో చుక్కమ్మ పడుకుని ఉంది. ఆవిడ తల ఓ పక్కకి వంచి నావైపు చూస్తున్నారు. బస్సు వచ్చి, కాసేపు ఆగి, వెళ్ళిపోయింది. ఈసారి నేను ఎక్కలేదు.