నాన్న ట్యాగు కట్టిన కంప్యూటర్

మా ఇంట్లో కంప్యూటర్ ప్లగ్గుకి తన ట్యాగు కట్టేసి నాన్న వైజాగ్ ఆసుపత్రికి వెళ్లిపోయాడు. వెళ్లాడు అనకూడదు, తీసుకెళ్లారు అనాలి. కంపెనీ ఆసుపత్రి అంబులెన్సు గుమ్మం ముందు ఆగి ఉంది. అమ్మ చెప్పులు కనబడక ఇల్లంతా తిరుగుతోంది. ఇద్దరు మనుషులు నాన్నని స్ట్రెచర్ మీదికి చేర్చారు. దుప్పటి సర్దుదామని నేను వంగితే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఇలాంటప్పుడు తండ్రులు కూతుళ్లకి ఏం చెబుతారో నాకూ కొంచెం తెలుసు. అమ్మ జాగ్రత్త అంటాడనుకున్నాను.

"ట్యాగు ముట్టుకోకమ్మా. నానొచ్చి తీస్తాను," అన్నాడు.

ఆ ట్యాగు సంగతి ముందు చెప్పాలి. మేముండేది రాష్ట్రం దాటి బచేలిలో, కంపెనీ క్వార్టర్లో. నాన్నది విజయనగరం వైపు పల్లె. ఉద్యోగం మాత్రం మొదటినుంచీ ఇక్కడే, కొండ మీది ఇనుప గనిలో, ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో. అక్కడ ఏ యంత్రం మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు దాని కరెంటు ఆపి స్విచ్ దగ్గర ట్యాగు కడతారు. అరచేయంత ఎర్ర బిళ్ల. మనుషులు పనిలో ఉన్నారు, స్విచ్ వేయరాదు అని దానిమీద హిందీలో ఉంటుంది, కింద కట్టినవాడి పేరు. ఎంతమంది పనిలో ఉంటే అన్ని ట్యాగులు. ఎవరు కట్టింది వాళ్లే విప్పాలి. ఆఖరి ట్యాగు ఊడేదాకా ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా ఆ యంత్రం కదలదు. ఖనిజం మోసే బెల్టు కింద ఒక మనిషి ఉండగా ఇంకో మనిషి స్విచ్ వేస్తే ఏమవుతుందో కొండ మీద అందరికీ తెలుసు. దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడుకోరు.

కొండ దిగాక ఈ పద్ధతి పాటించక్కర్లేదని నాన్నకి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో గీజరు విప్పినా ట్యాగే, ఇస్త్రీపెట్టె విప్పినా ట్యాగే. ఒకసారి మిక్సీకి ట్యాగు కట్టి, విడిభాగం దొరక్క డ్యూటీకి వెళ్లిపోయాడు. అది జగదల్‌పూర్ నుంచి వచ్చేదాకా అమ్మ పచ్చళ్లన్నీ రోట్లో నూరింది. చుట్టాలొస్తే ట్యాగు చూపించి, "ఇంట్లో మనుషులు పనిలో ఉన్నారట," అని చెప్పేది.

ఇక కంప్యూటర్. దాని లోపల నడిచే సిస్టమ్‌ని మా ఇంట్లో 'పది' అంటాం, దాని తర్వాత వచ్చినదాన్ని 'పదకొండు' అంటాం. పదికి ఇక మద్దతు ఉండదు, పదకొండుకి మారండి అని తెర మీద కబుర్లు మొదలయ్యాయి. నేను ఇక్కడి బడిలో కాంట్రాక్టు టీచర్ని, లెక్కలు చెబుతాను. నా ప్రశ్నపత్రాలు, మార్కులు అన్నీ ఆ కంప్యూటర్లోనే. కాబట్టి మార్చేద్దాం అన్నాను. నా దృష్టిలో అది టీ తాగుతూ తేల్చేసే విషయం. నాన్న దాన్ని ఏడాది నడిపాడు.

ముందు జనాభిప్రాయం సేకరించాడు. షిఫ్టు దిగాక టీ కొట్టు దగ్గర కనబడినవాళ్లందర్నీ అడిగాడు. వాళ్లలో సగంమంది ఇళ్లలో కంప్యూటరే లేదు, అందుకని వాళ్ల అభిప్రాయాలు మరీ గట్టిగా ఉండేవి. పక్క ఊరు కిరండూల్లో ఒకాయన పదకొండు ఎక్కించాక ఆయన ప్రింటర్ మూగబోయిందట. ఆ ప్రింటర్ కథ మా ఇంట్లో ఒక వర్షాకాలమంతా నడిచింది. నేను వైరస్‌ల గురించి చెప్పేదాన్ని. ఆయన శ్రద్ధగా విని, నడుస్తున్న యంత్రాన్ని కదపాలంటే కారణం ఆ యంత్రంలోంచి రావాలిగానీ కబుర్లలోంచి రాకూడదనేవాడు. మద్దతు ఆపేస్తే ఏమవుతుంది, కంపెనీ రిటైర్ చేసినవాళ్లు బజార్లో వంకాయలు బేరమాడుతూ తిరగడం లేదా అనేవాడు. అమ్మ ఎటూ చెప్పలేదు. కంప్యూటర్ మీద కప్పడానికి తను అల్లిన లేసు గుడ్డ పదకొండుకి కూడా సరిపోతుందా అని మాత్రం అడిగింది.

నాకు ఓపిక తక్కువ. ఈ ఇంట్లో ఒక నిర్ణయం జరగాలంటే ఇంకో ఇల్లు చూసుకోవాలని ఎన్నోసార్లు అన్నాను. చివరికి ఒక ఆదివారం నాన్న నిర్ణయం తీసుకున్నాడు. మారుద్దామని కాదు, మార్చొచ్చో లేదో లోపల చూద్దామని. ప్లగ్గు పీకి, దానికి ట్యాగు కట్టి, డబ్బా పక్కరేకు ఊడదీశాడు. మరలన్నీ స్టీలు గిన్నెలో వేశాడు. లోపల పేరుకున్న ఎర్ర దుమ్ముని పెయింటు బ్రష్‌తో దులిపాడు. పదకొండుకి చోటు చాలకపోతే అని ఇంకో డిస్కు అదనంగా తెప్పించి ఉంచాడు, దాన్ని బిగించబోతూ ఆగి, గ్యాస్ పట్టేసినట్టుంది, కొంచెం వాము ఇమ్మన్నాడు. అమ్మ వాము తెచ్చేసరికి ఆయన చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. అది వాముతో తగ్గేది కాదని మాకు అర్థమైంది.

వైజాగ్‌లో చూసి, గుండెకి వెళ్లే నాళాలు పూడుకుపోయాయి, ఆపరేషన్ చెయ్యాలి, షుగర్ అదుపులోకి రావాలి, అప్పటిదాకా ఆగాలి అన్నారు. అమ్మ అక్కడే ఉంది. మా బాబాయి వాళ్లూ ఆ ఊళ్లోనే. నేనూ వస్తానంటే అమ్మ వద్దంది. లోపల ఒక్కరినే ఉండనిస్తున్నారు, నువ్వొచ్చి మెట్ల మీద కూర్చుంటావా, పరీక్షల టైములో బడి మానితే ఆ ఉద్యోగం ఉంచుతారా అంది. అయినా సంచీ సర్దుకున్నాను. ఆ వారమే ఘాట్‌లో కొండచరియ విరిగి పట్టాల మీద పడింది, రైలు ఆపేశారు. సంచీ గుమ్మం పక్కనే ఉండిపోయింది.

రోజూ సాయంత్రం అమ్మ ఫోన్ చేసి నాన్నకిచ్చేది. నేను తిన్నావా అని అడిగేదాన్ని. తిన్నానని చెప్పి, ట్యాగుందా అని అడిగేవాడు. ఉంది అనేదాన్ని. సరే అనేవాడు. ఫోన్ మళ్లీ అమ్మ చేతికి వెళ్లిపోయేది. ఇంతకుమించి మా మధ్య మాటల్లేవు. మొదట్లో ఒళ్లు మండేది. ఆసుపత్రి మంచం మీద పడుకుని మనిషి ఆరా తియ్యాల్సింది కంప్యూటర్ ప్లగ్గు గురించా అని.

ఈలోగా బడిలో మార్కులు పోర్టల్‌లో ఎక్కించాల్సిన గడువు వచ్చిపడింది. బడి కంప్యూటర్ల ముందు టీచర్లందరూ క్యూ. నేను ఇంట్లో ఫోన్‌లో ఎక్కించడం మొదలుపెట్టాను. ఒక పిల్లకి ఎనభై ఒకటి కొడితే పద్దెనిమిది పడింది, దిద్దబోతే పక్క పిల్లాడి మార్కులు ఎగిరిపోయాయి. ఫోన్ పక్కన పడేసి వెళ్లి కంప్యూటర్ ముందు గొంతుక్కూర్చున్నాను. పక్కరేకు లేదు, లోపల రెండు తీగలు ఊడి వేలాడుతున్నాయి. ఏది దేనికో నాకు తెలీదు. తెలిసినవాణ్ణి పిలిస్తే అయిపోతుంది కదా అనిపించింది.

నాన్నతో చాలాకాలంగా పనిచేస్తున్న అంకుల్ ఒకాయన మా వెనక వీధిలో ఉంటాడు. ఆయన ఊరు సరిహద్దు మీది కొంటా. పిలవగానే స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని వచ్చాడు. నాన్న గురించి అడిగాడు, టీ తాగాడు, కంప్యూటర్ దగ్గరికి నడిచాడు. ప్లగ్గు చూశాడు. చేతులు రెండూ వెనక్కి కట్టేసుకున్నాడు. గుళ్లో ముట్టుకోకూడనిదాని ముందు నిలబడినట్టు నిలబడ్డాడు.

ఇది గని కాదు కదా అంకుల్ అన్నాను. ట్యాగు మీద మీ నాన్న పేరుంది కదా అన్నాడు. ఆయన లేడు కదా, లేకపోతే ఏం చేస్తారు మీరు, ఆ యంత్రం అలా ఏళ్ల తరబడి పడుంటుందా అని అడిగాను. నా గొంతు కొంచెం లేచింది. దానికీ పద్ధతుందని నెమ్మదిగా చెప్పాడు. ముందు ఆ మనిషికి ఫోన్ చేస్తారు, ఎక్కడున్నా వచ్చి తియ్యమంటారు. రాలేకపోతే ఆ పనికి పెద్ద ఎవరో ఆయన అన్నీ విచారించి, ఈ మనిషి ఇక రాడు అని అందరి ముందూ చెప్పాలి. ఆ మాట చెప్పినవాడే ట్యాగు కొయ్యాలి.

"ఇప్పుడు ఇంట్ల పెద్ద నువ్వే," అన్నాడు. "ఆ మాట నువ్వు అంటవా బిడ్డా?"

నేను ఖాళీ టీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. అంకుల్ స్క్రూడ్రైవర్ జేబులోంచి తియ్యనే లేదు. వచ్చినట్టే వెళ్లిపోయాడు. నేను కంప్యూటర్ మీద అమ్మ లేసు గుడ్డ సరిచేసి, ఫోన్‌లోనే ఒక్కో అంకె కూడబలుక్కుంటూ మార్కులన్నీ ఎక్కించాను. ఆ రోజు సాయంత్రం ట్యాగుందా అని నాన్న అడిగితే, ఉంది నాన్నా, అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు అన్నాను. ఆయన అడిగినదానికంటే ఎక్కువే చెప్పాను.

ఆపరేషన్ రోజు పొద్దున్నే లోపలికి తీసుకెళ్లారని బాబాయి ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి అయిపోతుందన్నాడు. మధ్యాహ్నం అయింది, ఫోన్ రాలేదు. నేను చేస్తే అమ్మ ఎత్తలేదు, బాబాయి ఎత్తలేదు. అన్నం వండుకున్నాను, తినలేదు. ఇంట్లో చెయ్యడానికి ఏ పనీ మిగల్లేదు, గిన్నెలు రెండోసారి తోమాను. నాకు భయం వేసింది. అంత భయం అంతకుముందెప్పుడూ వెయ్యలేదు. కాళ్లు వాటంతటవే కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్లాయి. ట్యాగు మీద నాన్న పేరు ఎన్నిసార్లు చదివానో.

తర్వాత నేను చేసిన పనికి నా దగ్గర పెద్ద సంజాయిషీ లేదు. చెప్పుల డబ్బా అట్ట చింపాను. దానిమీద స్కెచ్ పెన్నుతో, మనుషులు పనిలో ఉన్నారు, స్విచ్ వేయరాదు అని తెలుగులో రాశాను. కింద నా పేరు రాశాను. కన్నం పొడిచి, పురికొస దూర్చి, నాన్న ట్యాగు పక్కనే కట్టాను. పనిలో ఉన్న ప్రతి మనిషీ తన ట్యాగు తను కట్టుకోవాలి కదా. నేనూ ఆ పనిలోనే ఉన్నాననిపించింది. ముడి మీద ముడి వేశాను.

చీకటి పడుతుండగా అమ్మ ఫోన్ చేసింది. బాగా జరిగిందట, లోపల కొంచెం ఆలస్యమైందట, తన ఫోన్ సంచీలో ఉండిపోయిందట. అమ్మని నేను తిట్టాను. తిట్టి ఏడ్చాను. అమ్మ కూడా అక్కడ ఏడ్చింది. తర్వాత ఇద్దరం రాత్రికి ఏం తింటామో చెప్పుకున్నాం.

నాన్న తిరిగి వచ్చేసరికి వానలు వెనకబట్టాయి. రైలు దిగుతుంటే చూశాను. చొక్కా ఆయనకి ఒక సైజు పెద్దదైపోయింది. ఇంటి దగ్గర దించి, పడుకోబెట్టి, పరీక్ష డ్యూటీ ఉంటే బడికి వెళ్లాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన మంచం మీద లేడు. కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డబ్బా రేకు బిగించేసి ఉంది, మరల గిన్నె ఖాళీగా ఉంది. డాక్టర్లు బరువులెత్తొద్దన్నారుగానీ మరలు బిగించొద్దని అనలేదట. ఆయన ట్యాగు విప్పేసి ఒళ్లో పెట్టుకున్నాడు. ప్లగ్గు మాత్రం ఇంకా నేలమీదే ఉంది, దానికి నా అట్టముక్క వేలాడుతోంది.

అమ్మ నన్ను చూసి, మధ్యాహ్నంనుంచీ ఇదే వరస అంది. అట్టముక్కే కదా, పీకేసి ప్లగ్గు పెట్టుకోమంటే వినడు, మంచం ఎక్కమన్నా వినడు, నీకోసం కూర్చున్నాడు అంది.

నేనెందుకు కట్టానో నాన్న అడగలేదు. ఎప్పుడు కట్టానో అడగలేదు.

"ఎవులిది ఆలే తియ్యాల గదా," అన్నాడు.

సంచీ పక్కన పెట్టి కింద కూర్చున్నాను. ముడులు బిగిసిపోయి ఉన్నాయి. కత్తెర తెచ్చుకోవచ్చు, తెచ్చుకోలేదు. కళ్లల్లో నీళ్లు నిండి పురికొస సరిగ్గా కనబడలేదు, గోళ్లతో తడుముకుంటూ విప్పాను. చాలాసేపు పట్టింది. నాన్న తొందరపెట్టలేదు. ఆయన ఊపిరి నా తలమీదుగా వినబడుతూనే ఉంది, కొంచెం బరువుగా, ఆగకుండా. అట్టముక్క ఊడొచ్చాక చెయ్యి చాచి తీసుకుని, తన ట్యాగుతో కలిపి పట్టుకున్నాడు.

ప్లగ్గు పెట్టాను. ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. వెలగడమే ఆలస్యం, పదకొండుకి మారతారా అని అడిగింది. నాన్న కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుని నాకు చోటిచ్చాడు.

"లోపలంతా బాగుంది. నువ్వే సెప్పు," అన్నాడు. "ఎక్కించీమంతావేటి?"

ఏడాదిపాటు ఆయన నోటినుంచి ఈ మాట రప్పించడానికి పోట్లాడినదాన్ని నేనే. మౌస్ మీద చెయ్యి వేసి కూర్చున్నాను. తెర వెలుతురు ఆయన ముఖం మీద పడుతోంది.

"ఇవాళ వద్దు నాన్నా," అన్నాను. "కొన్నాళ్లు ఇలాగే నడవనీ."