శొంఠి పిన్ని దగ్గు

గాలి మారిందంటే చాలు, శొంఠి పిన్నికి కాలు ఒకచోట నిలిచేది కాదు. ఎండలు తగ్గి, పొద్దున్నే వీధి చివరిదాకా మంచు దిగే రోజుల్లో ఒక ఇంట్లో ముక్కు కారడం మొదలైతే, వారం తిరక్కుండా వీధంతా దగ్గేది. ఆ దగ్గులన్నీ ఆమె చెవిన పడేవి. పొడి దగ్గా, కఫం దగ్గా, ఊరికే గొంతు గరగరా అన్నది మనిషిని చూడకుండానే చెప్పేది. బస్సులో వెనక సీట్లో ఎవరైనా దగ్గినా సరే, తిరిగి చూసి "చన్నీళ్లు తాగావు కదూ?" అని నిలదీసేది. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి నోరు వెళ్లబెట్టేవాడు.

ఆమె కొట్టు ఒకటే గది. ఎడమ సగం మొగుడిది, కుడి సగం ఆమెది. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని గడియారాలు బాగుచేసేవాడు. ఆమె వైపు గోడ నిండా సీసాలు: శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, అతిమధురం, ఎండబెట్టిన అడ్డసరం ఆకు. వెనక కిటికీ లేని చిన్న గదిలో ఇనప రోలు. అత్తగారు మంచాన పడ్డప్పుడు దగ్గర కూర్చోబెట్టుకుని, ఏది ఎంత దంచాలో, దేంట్లో ఏది కలపాలో నేర్పి మరీ కన్నుమూసింది. అప్పటినుంచి ఇరవై ఆరేళ్లుగా మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటే దంచుడే. దుమ్ము గడియారాల్లోకి దూరుతోందని ఆయన మధ్యలో ప్లాస్టిక్ తెర కట్టుకున్నాడు.

ఆ ఏడాది దగ్గు ఆమెకే పట్టుకుంది.

మొదట్లో లెక్కచెయ్యలేదు. అల్లం రసం తాగింది. పసుపు వేసిన నీళ్లతో ఆవిరి పట్టింది. అడ్డసరం కషాయం పూటపూటా కాచుకుంది. మిరియాలు నమిలి నమిలి నాలుక మొద్దుబారింది కానీ దగ్గు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మూడు వారాలయ్యేసరికి కొంగు కుక్కుకున్నా ఆగేది కాదు. దగ్గు పొడులమ్మే మనిషే దగ్గుతుంటే కొట్టు మెట్టెవరు ఎక్కుతారు? ఆ భయం ఆమెను కూర్చోనివ్వలేదు. మనిషి వస్తున్నట్టు కనిపిస్తే గబగబా పెరట్లోకి పోయి దగ్గి, కళ్లు తుడుచుకుని వచ్చి పొట్లం కట్టేది. మళ్లీ వెళ్లేది. అడిగినవాళ్లతో "పాలు పొంగిపోతున్నాయ్" అనేది.

"రోజుకి పదిహేనుసార్లు పొంగే పాలు నేనెక్కడా చూళ్లేదు," అన్నాడు మొగుడు తెర వెనకనుంచి. "డాక్టరుకి చూపించుకోవే."

"నేనా? ఇంకానయం! నా మందు నాకే పనిచెయ్యలేదని దండోరా వేయించండి!"

మధ్యలో చెల్లెలి కూతురికి కాన్పయితే మూడురోజులు వాళ్ల ఊరెళ్లింది. అక్కడ దగ్గు జాడే లేదు. తన కషాయం ఇన్నాళ్లకి ఒంటికి పట్టిందని పొంగిపోయింది. తిరిగొచ్చిన మర్నాడు పిప్పళ్లు దంచింది. సాయంత్రానికల్లా మళ్లీ మొదలు. ఈసారి రొమ్ములో సన్నగా ఈల కూడా వినిపించింది.

అలాంటి రోజుల్లోనే ఒక పొద్దున ఇస్త్రీ అమ్మాయి పరుగులాంటి నడకతో కొట్లోకొచ్చింది. వీధి మొగలో ఇస్త్రీ బల్ల వేసుకుని పనిచేసే పిల్ల. చంకలో ఎనిమిది నెలల పాప, ఒళ్లంతా దుప్పటి చుట్టి ఉంది.

"పిన్నీ, పెద్దదానికి అప్పుడిచ్చావే, ఆ పొడి కాస్త ఇవ్వు. తేనెలో నాకిస్తా. నిన్నటి నుంచీ పాలు పట్టడం లేదు."

"ఏడాది నిండని పిల్లకి తేనె ఏంటే? ఇలా తే, దుప్పటి తియ్యి."

చొక్కా పైకెత్తి చూసింది. పాప ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంటపడి లోపలికి పోతోంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"డొక్కలెగరేస్తోందే! ఇది నా సీసాల్లో ఉన్న రోగం కాదు. నడు ఆసుపత్రికి."

"నువ్వే అలా అంటే ఎలా పిన్నీ? కాస్త పొడి ఇస్తే సాయంత్రం దాకా చూసి..."

"సాయంత్రం దాకా చూడ్డానికి అదేమన్నా ఆరేసిన బట్టా? నడవమంటే నడు!"

సీసాల మూతలు కూడా పెట్టకుండా చెప్పులేసుకుంది. ఆటోలో సీటు చివర కూర్చుని, ఎర్రదీపం పడ్డ ప్రతిచోటా డ్రైవరు భుజం తడుతూనే ఉంది. "నేనేం చెయ్యనమ్మా, ఎగరమంటావా?" అన్నాడతను. ఆమె పాప డొక్కల మీదనుంచి కళ్లు తీయలేదు. ఊపిర్లు లెక్కపెడుతూ, లెక్క తప్పి, మళ్లీ మొదలుపెడుతూ ఉంది.

పిల్లల వార్డు మూడో అంతస్తులో. లిఫ్టు కోసం నిలబడే ఓపిక లేక పాపని తనే ఎత్తుకుని మెట్లెక్కింది. నర్సు చేతిలో పాపని పెట్టేసి గోడకి ఆనుకుంది. ఇంక దాచడానికి పెరడు లేదు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, ఊపిరి అందలేదు, పెదాలు నల్లబడ్డాయి. పాపకి ఆక్సిజన్ పెట్టి బయటికొచ్చిన డాక్టరమ్మ ఆమెను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది, ముక్కుకీ నోటికీ కలిపి గొట్టంతో మందు ఆవిరి పట్టించింది. ఊపిరి కుదుటపడ్డాక అడిగింది.

"ఏం పని చేస్తారు మీరు?"

"దగ్గుకి... పొడులు చేస్తానమ్మా." ఆ మాట చెప్పడానికి ఆమెకి చచ్చినంత పనయింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఎక్కడ దంచుతారు? కిటికీ ఉందా? ఊరెళితే తగ్గుతుందా?"

"వెనక గదిలోనమ్మా, కిటికీ లేదు. మొన్న ఊరెళ్తే అసలు రాలేదు," అని ఒప్పుకుంది శొంఠి పిన్ని.

"మందు చెడ్డదని అనడం లేదు. ఆ దుమ్ము ఏళ్ల తరబడి పీల్చి మీ ఊపిరితిత్తులు దాన్ని చూస్తేనే బిగుసుకుంటున్నాయి. పరీక్షలు రాస్తాను, పీల్చుకునే మందు ఇస్తాను. దంచడం మాత్రం మానాలి."

ఆమె సరేనంది కానీ లోపల ఉడికిపోయింది. నా పొడులు నాకు పడవా? అత్తగారు ఓపికున్నన్నాళ్లూ దంచింది కాదా? అన్నట్టు, అత్తగారు మంచానపడ్డప్పుడు ఎలా ఎగశ్వాస పీల్చేదో గుర్తొచ్చి గతుక్కుమంది. ఆ మాట మొగుడికి కూడా చెప్పలేదు.

నాలుగురోజులు ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పొద్దునా సాయంత్రం ఆసుపత్రికెళ్లి పాపని చూసొచ్చేది, వచ్చి సీసాలు తుడిచేది, తుడిచినవే మళ్లీ తుడిచేది. అయిదోరోజు పాప ఇంటికొచ్చేసింది. ఆ మధ్యాహ్నం మొగుడు కునుకు తీస్తుంటే వెనక గదిలోకి పోయి తలుపేసుకుని, గుప్పెడు పిప్పళ్లు రోట్లో పోసింది. డాక్టరమ్మ మాట తప్పని తేలిపోవాలి, అంతే. పాతిక పోట్లు పడ్డాయో లేదో, ఎవరో రొమ్ము మీద మోకాలు పెట్టి అదిమినట్టయింది. రోకలి వదిలేసి తడుముకుంటూ తలుపు గడియ తీసింది. చప్పుడుకి లేచిన మొగుడు తలుపు తోసి, బయటికి లాక్కొచ్చి, పీల్చే మందు నోట్లో పెట్టాడు.

"బుద్ధుందా నీకు!" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన గొంతు పెంచడం ఆమె వినడం అదే మొదటిసారి.

దంచడం తను చేస్తానని ఆయన ముక్కుకి గుడ్డ కట్టుకుని పెరట్లో కూర్చున్నాడు. సెకనుకో పోటు, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఆ టిక్కు టిక్కు విని ఆమెకి పిచ్చెక్కిపోయింది. పైగా ఆ దుమ్ము ఆయనకి మాత్రం ఎందుకు? రెండోరోజే ఆపించేసింది. అప్పటినుంచి పొడుల్లేవు. శొంఠి కొమ్ములు కొమ్ములుగా, అడ్డసరం ఆకు ఆకుగా పొట్లాల్లో కట్టడమే. ఎన్ని నీళ్లు పోయాలో, ఎంతవరకు మరిగించాలో ఒక్కొక్కరికీ చెప్పేది. కొందరు ఈ చాకిరీ మాకెందుకని పక్కవీధి కొట్టుకి పోయారు. పోయినవాళ్లను చూసి కడుపు మండేది, కానీ పిలవలేదు.

చలికాలం సగం గడిచాక ఒకాయన వచ్చి, పొట్లం అందుకుంటూ నసిగాడు. "మీకే దగ్గట కదా? మందు వాడుతున్నారట?"

"అవును బాబూ. రోజుకి రెండుసార్లు పీలుస్తున్నా," అంది. "ఇంతకీ దగ్గు నీకా, ఇంట్లోవాళ్లకా? ఎన్నాళ్లయింది?"

"మా నాన్నకి. నెల దాటింది. సాయంత్రమయితే ఒళ్లు వెచ్చబడుతోంది."

ఆమె పొట్లం వెనక్కి లాక్కుంది. లేచి, చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ, "మీ ఇల్లెక్కడ?" అని అడిగింది.