వార్డు పెద్ద బుగ్గ మీసాలు

బార్నీ కీలన్‌ది నా పక్క బల్ల. న్యూయార్క్‌లో ఒక బొమ్మల వారపత్రికకి చెక్కదిమ్మల మీద బొమ్మలు చెక్కేవాళ్ళం. పెద్ద బొమ్మైతే దిమ్మను ముక్కలుగా విడదీసి తలా ఒకటి పంచేవారు. ఎన్నికలకి పది రోజులుందనగా బార్నీకి మొహం ముక్క వచ్చింది.

ఎవరి మొహం? మా పేటలో ఓట్లూ ఉద్యోగాలూ గుప్పిట్లో పెట్టుకున్న వార్డు పెద్ద స్కల్లీది. సమాధుల మధ్య ఓట్ల పెట్టె పెట్టుకుని, చచ్చినవాళ్ళని ఓటెయ్యమని పేరుపేరునా పిలుస్తున్నట్టు వేశాడు చిత్రకారుడు. అక్షరం ముక్క రానివాడికి కూడా అర్థమవుతుంది.

బార్నీ ఉలి కింద పెట్టేశాడు. అతని తమ్ముడు ఫీలిక్స్‌కి పోలీసు ఉద్యోగం వేయించింది స్కల్లీయే. ఫీలిక్స్‌కి ఐదుగురు పిల్లలు.

"నేనే చెక్కానని తెలిస్తే మావాడి ఉద్యోగం ఊడబీకుతాడ్రా," అన్నాడు గొంతు తగ్గించి.

"బొమ్మ మీద నీ పేరుండదుగా. నోరు మూసుకుని చెక్కు."

"ఎవడింట్లో ఏం ఉడుకుతోందో కూడా ఆయనకి తెలుస్తుంది."

మధ్యాహ్నం దాకా దిమ్మను ముట్టుకోలేదు. తరువాత నేను తలెత్తి చూసేసరికి స్కల్లీ బుగ్గ మీసాలు లేవు! వార్డు మొత్తంలో అలాంటి మీసాలు ఆయనొక్కడికే. చెక్క తీసేసిన చోట అచ్చులో తెల్లగా పడుతుంది, తీసింది మళ్ళీ అతకదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బుద్ధుందా నీకు?"

"మీసాల్లేకపోతే ఆయన్ని ఎవడూ పోల్చుకోడు," అన్నాడు. బోసిపోయిన చెంప మీద, మిగిలిన కాస్త చెక్కతో తోచినట్టు దవడ గీసేశాడు. పత్రిక తొందరలో మా మేస్త్రీ సరిగా చూడకుండానే ముక్కలన్నీ కలిపి బిగించేశాడు.

శనివారం పత్రిక వచ్చింది. నేనూ బార్నీ వెళ్ళేసరికి సారాకొట్టు ముందు జనం దాని చుట్టూ గుంపు కట్టారు. గస్తీకి వచ్చిన ఫీలిక్స్‌ని చూసి ఒకడు అన్నాడు: "ఇది నువ్వే కదరా! ఏరా, మా తాత ఓటేసి వెళ్ళాడా?"

అంతా పడిపడి నవ్వారు. బార్నీ మొహం పాలిపోయింది. నేను బొమ్మ మళ్ళీ చూశాను. అచ్చం ఫీలిక్స్ దవడే. చిన్నప్పటినుంచీ చూస్తున్న మొహమే బార్నీ చేతికి వచ్చింది, పాపం.

స్కల్లీ కూడా నవ్వాడు. తన మీద పడాల్సింది తప్పిపోయింది కదా మరి. సోమవారం ఫీలిక్స్‌ని పిలిపించాడు.

"నీ మీద నాకేం కోపం లేదయ్యా. జనం నవ్వే పోలీసు ఎన్నికల రోజున నాకెందుకు? టోపీ అక్కడ పెట్టి వెళ్ళు."

ఫీలిక్స్ నేరుగా మా దగ్గరికే వచ్చి అన్న పక్కన కూలబడ్డాడు.

"ఆ మొహం చెక్కింది ఎవడోగానీ, నా పిల్లల నోరు కొట్టాడు. అదే నీ చేతికి వచ్చుంటే నన్ను కాపాడేవాడివి కదా, అన్నయ్యా."

బార్నీ దిమ్మ మీదికి వంగి చెక్కుతూనే ఉన్నాడు. ఆ తరువాత పన్నెండేళ్ళు నా పక్కనే పనిచేశాడు. మొహం ముక్క వస్తే మాత్రం నా బల్ల మీదికి తోసేసేవాడు.