నర్సింగమ్మ పాలు, వేపాకు ముద్ద

ఆత్మకూర్ పక్క ఊళ్లో గొర్రెలు కాసే కురుమ బీరన్న భార్య నర్సింగమ్మకు కాలు ఒకచోట నిలవదని పేరు. ఉన్ని వడుకుతూ వడుకుతూనే నాలుగుసార్లు లేచి వాకిలి దాకా పోయొచ్చేది. అంతకుముందైతే ఆమెను లేపడానికే ఇద్దరు కావాలని ఎగతాళి చేసిన నోళ్లే బిడ్డ పుట్టాక ఈ పేరూ పెట్టాయి. లోకం నోటికి మూత ఎక్కడుంది!

పెళ్లయిన మొదటి పదేళ్లూ కడుపు పండలేదు. ముట్టు ఏ నాలుగు నెలలకో, ఆరు నెలలకో. తిన్నా తినకపోయినా ఒళ్లు పెరిగేది. అన్నం తింటే చాలు, కళ్లు మూతలు పడేవి. గడ్డం మీద వెంట్రుకలు మొలిస్తే ముళ్లు తీసే చిమటాతో చాటుగా పీక్కునేది. మెడ వెనక నల్లటి మరక కట్టింది. అది మురికే అనుకుని అత్త ఈదమ్మ తలంటినప్పుడల్లా రాయితో రుద్దేది. పైగా ఒక మాట కూడా అంటించేది.

"కొవ్విన గొర్రె చూడి కట్టదే."

గొర్రెల మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఆ మాటకు తిరుగులేదు. నర్సింగమ్మకు మాత్రం అది పదేళ్లపాటు తిన్న కూడు రుచించనివ్వలేదు.

పదకొండో ఏట, పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, రామమ్మ పుట్టింది. అంత ఎదురుచూసిన బిడ్డ పుడితే, పాలు పడలేదు. పిండితే చుక్క, లేకుంటే అదీ లేదు. ఈదమ్మ మేకపాలు గుడ్డ వత్తితో పట్టింది. నర్సింగమ్మ వద్దనలేదు గానీ, గడియకోసారి పిల్లను రొమ్ముకు పెట్టడం మానలేదు. మొండిది. నెలన్నరకు పాలు నిండాయి.

ఏడాది తిరిగేసరికి చేతికి బిగుసుకుపోయిన గాజులు మోచేతి దాకా జారాయి. పగటి నిద్ర పోయింది. మెడ మీది నలుపు పలచబడింది. పద్నాలుగో నెల నుంచి ముట్టు నెలనెలా వచ్చింది. బుద్ధెరిగాక తన ఒళ్లు తన మాట వినడం అదే మొదటిసారి. ఇదంతా పాల వల్లనేనని ఆమె నమ్మకం. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు.

ఈదమ్మకు మాత్రం కోడలు చిక్కిపోతున్నట్టే కనిపించింది.

"పిల్ల నీ నెత్తురు తాగుతాంది. ఏడాదిన్నరాయె, ఇగ మాన్పియ్. మాన్పిస్తెనే ఇంకో కాన్పు" అని ఒక పొద్దున వేపాకు నూరి ముద్ద తెచ్చి ముందు పెట్టింది.

నర్సింగమ్మ ఆ ముద్ద రొమ్ములకు పూసుకుంది. పిల్ల నోరు పెట్టి, మొహం చిట్లించి, గుక్కపట్టి ఏడ్చింది. మధ్యాహ్నానికి రొమ్ములు రాళ్లయ్యాయి. నర్సింగమ్మ లోపల నిలవలేదు, బయట నిలవలేదు. మళ్లీ ఆ పాత ఒళ్లు వచ్చి మీద కూర్చుంటే? చివరికి కుంకుడు రసంతో మూడుసార్లు కడుక్కుని పిల్లను దగ్గరికి తీసింది. పిల్ల మొహం పక్కకు తిప్పేసుకుంది.

అప్పుడు నర్సింగమ్మకు ఏడుపు ఆగలేదు.

"అత్తా, కొవ్విన గొర్రె చూడి కట్టదంటివి. పిల్ల తాగంగ తాగంగనే గదా నా కొవ్వు కరిగింది, ముట్టు దారికొచ్చింది. గిప్పుడు తెంపితె మళ్ల గట్లనే అయితనేమో. నాకు బుగులైతాంది."

ఈదమ్మ ఉన్ని పక్కన పెట్టింది. కోడలి కొప్పు పైకెత్తి మెడ చూసింది. రాయికి పోని నలుపు పలచబడిందన్న సంగతి ఆమెకు అప్పుడే కనబడింది.

"గొర్రెపిల్ల పొదుగు పట్టకుంటె మనమేం జేస్తం?" అంది. "మూతి మీద పిండుతం. నువ్వు గూడ పిండు."

నర్సింగమ్మ పిండింది. పాలు పెదాల మీద పడ్డాయి. రామమ్మ నాలుకతో నాకి చూసింది, ఒక్క క్షణం ఆలోచించింది, వచ్చి పట్టుకుంది.

"తాగనియ్. అది మానిననాడే మానుతది" అని ఈదమ్మ వేపాకు ముద్ద తీసుకుపోయి పెంట మీద పారేసింది.

నర్సింగమ్మ మాత్రం ఆ తర్వాత రోజూ పొద్దున లేస్తూనే మెడ వెనక చెయ్యి పెట్టి తడిమి చూసుకునేది.