అయస్కాంతం మెచ్చిన అతుకు

మా మామ చొక్కా జేబులో ఒకప్పుడు రెండు వస్తువులుండేవి. ఒకటి బీడీల కట్ట. రెండోది పాత స్పీకర్‌లోంచి ఊడబీకిన గుండ్రటి అయస్కాంతం. దవాఖానలో డాక్టర్ గట్టిగా తిట్టాక బీడీలు మానేశాడు. అయస్కాంతాన్ని మానమని చెప్పే ధైర్యం మాత్రం ఇంతవరకూ ఏ డాక్టరూ చేయలేదు.

దీనికో కారణం ఉంది. ఎప్పుడో ఆయన అసలైన స్టీలు అనుకుని కొన్న పాల క్యాన్లు నాలుగు నెలలకే తుప్పు పట్టాయి. మంచి స్టీలుకు అయస్కాంతం అంటుకోదని ఆ రోజు ఎవరో చెప్పారు. ఆ ఒక్క ముక్కా పట్టుకుని ఆయన బతికేస్తున్నాడు. దుకాణంలో గిన్నె కొన్నా, చుట్టాలింట్లో పళ్లెం ముందు పెట్టినా, జేబులోంచి అది బయటికొస్తుంది. మా పెళ్లిలో మావాళ్లు తెచ్చిన బిందెకు కూడా ఆనించాడు. అది కరుచుకుని పట్టుకుంది. ఆ సంగతి మావాళ్లు ఈనాటికీ మరిచిపోలేదు.

నాకు శంషాబాద్‌లో సర్వీసు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో వెల్డింగ్ షాపు ఉంది. నేను చేసేది స్టెయిన్‌లెస్ స్టీలు పనే. హోటళ్ల వంటగదుల బల్లలు, సింకులు, మెట్ల రెయిలింగులు. పని బాగా చేస్తానని పేరుంది, కోపం ముక్కు మీదే ఉంటుందని అంతకంటే పెద్ద పేరుంది. పని తెలియనివాడు వచ్చి పక్కన నిలబడి సలహా ఇస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

నాకు పిల్లనివ్వడం మామకు ఇష్టం లేదు. అప్పట్లో మెడలో కార్డు వేలాడేసుకుని విమానాశ్రయంలో ఉద్యోగం చేసే సంబంధం ఒకటి ఆయన చేతిలో ఉంది. మా ఆవిడ నన్నే చేసుకుంటానని మొండికేసింది. ఆయన పెళ్లి చేశాడు, మర్యాదలన్నీ చేశాడు, కానీ ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా నన్ను అల్లుడు అనలేదు. ఎవరైనా అడిగితే "మా బిడ్డ పెనిమిటి" అనేవాడు. ఏదో ఆమె సామాన్లలో నేనూ ఒకటన్నట్టు. నేను పట్టించుకోనట్టే తిరిగేవాణ్ణి. నిజానికి చాలా పట్టించుకునేవాణ్ణి.

అలాంటి మామ పోయిన పెళ్లిళ్ల సీజన్లో నా షాపుకొచ్చాడు. కొత్వాల్‌గూడ దగ్గర ఆయనకు కొంత పొలం, పది బర్రెలు ఉన్నాయి. పాలు అమ్మడంతో ఆగకుండా కోవా చేసి ఫంక్షన్ హాళ్లకు ఇద్దామని ఆయన ఆలోచన. ఒక పెళ్లికి ఆర్డరు కూడా ఒప్పుకుని వచ్చేశాడు. పాలు మరిగించడానికి పెద్ద స్టీలు తొట్టి కావాలి.

"మామా, నేను చేసిస్త," అన్నాను.

"అందుకే గదా వచ్చిన," అన్నాడు ఆయన, షాపులో ఉన్న సింకుకు అయస్కాంతం ఆనించి చూస్తూ.

ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆవిడ ఒకటే మాట చెప్పింది. "బాపు ఏమన్నా అననీ. నువ్వు జర నోరు అదుపుల పెట్టుకో."

అసలు గొడవ అర్థం కావాలంటే రాడ్ల సంగతి కొంచెం చెప్పాలి. రెండు స్టీలు రేకులను అతకాలంటే వాటి మధ్య ఇంకో లోహపు తీగను కరిగించి పోయాలి. మేం దాన్నే రాడ్డు అంటాం. కనిపించిన రాడ్డల్లా పనికిరాదు. పాలతొట్టి స్టీలుకు 308 నంబరు రాడ్డు. స్టీలును మామూలు ఇనుముతో కలపాలంటే 309. కొలిమిలో ఎర్రగా కాలే సామానుకైతే 310. ఈ 308లో ఒక తమాషా ఉంది. కరిగిన అతుకు చల్లారేటప్పుడు పగలకుండా ఉండాలని, అందులో పిసరంత అయస్కాంతానికి లొంగే గుణం మిగిలేలా దాన్ని తయారు చేస్తారు. 310లో ఆ గుణం ఉండదు. అందుకే దానికి పగుళ్లు తొందరగా వస్తాయి. ఇది నాకు బాగా తెలుసు, నా పేరు నాకెంత తెలుసో అంత తెలుసు. ఆ మాట మీరు ముందే గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను మర్చిపోయినట్టు నటించబోతున్నాను.

రేకులు తెచ్చిన రోజు మామ వచ్చి ఒక్కో రేకుకూ నాలుగు మూలలా అయస్కాంతం పెట్టాడు. జారి కింద పడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. నాలుగోసారి నా కాలి బొటనవేలి మీద పడింది. ఆయన మొహంలో మాత్రం వెలుగే వెలుగు.

మందపాటి అడుగుకు ఒక పక్క గోడను 308తో అతికాను. ఊరికే చెప్పడం కాదు, ఆ అతుకు ముచ్చటగా వచ్చింది. హిమాయత్ సాగర్ వైపు నుంచి గాలి కొడుతుంటే, అతుకును కాపాడే గ్యాసు చెదరకుండా టార్పాలిన్ కట్టి, ఊపిరి బిగబట్టి వేసిన అతుకది. చల్లారాక మామను పిలిచి చూపించాను. ఆయన అతుకు అందం చూడలేదు. జేబులో చెయ్యి పెట్టాడు.

అయస్కాంతం రేకు మీంచి జారుతూ వచ్చి, అతుకు మీద ఆగింది. గట్టిగా పట్టుకోలేదు. ఏదో మొహమాటానికి నిలబడినట్టు నిలబడింది. కానీ నిలబడింది.

"ఏంది గిది?" అన్నాడు మామ.

"అది గట్లనే ఉంటది మామా. అతుకుల కొంచెం గా గుణం ఉండాలె. లేకుంటే పగుల్తది."

"అంటే కల్తీ ఉంటెనే మంచిదంటవ్?"

"కల్తీ కాదు మామా..."

"నేను పాలల్ల నీళ్లు కలిపి, నీళ్లుంటెనే పాలు ఇరగవు అంటే నువ్వు నమ్ముతవా?"

పెద్ద పెద్ద ఇంజనీర్లకు వివరించినవాణ్ణి, పాలాయన ముందు గ్రైండర్ తీగ సర్దుకుంటూ నిలబడ్డాను. పక్క కొట్టులో టీ తాగడానికి వచ్చిన ఇద్దరు ఆటో డ్రైవర్లు కూడా వంగి చూసి, అయస్కాంతం అంటుకున్నదని ఒప్పుకున్నారు. మామ లేచి కండువా దులిపాడు.

"ఉన్నది గదా, ఆరాంఘర్ల ఇంకో షాపు. ఆడ చేపిచ్చుకుంట. నువ్వు పరేషాన్ గాకు."

నా కోపం గురించి ముందే చెప్పాను. ఆ క్షణంలో నాకు 308 గుర్తు లేదు, పగుళ్ల సంగతి గుర్తు లేదు, పదిహేనేళ్ల అనుభవం గుర్తు లేదు. మామ ఇంకో షాపుకు వెళ్లడం, ఆ షాపువాడు నవ్వడం మాత్రమే కళ్ల ముందు కనబడ్డాయి.

"నీకు అంటుకోవద్దు, గంతే గదా?" అని అరిచాను. "కూసో. అంటుకోకుంట చేస్త."

అతుకంతా గ్రైండర్‌తో గీకిపారేశాను. ఒక కొలిమి పని చేసినప్పుడు మిగిలిన 310 రాడ్ల ప్యాకెట్ అటక మీద ఉంటే దింపాను. తొట్టి నాలుగు పక్కలా దాంతోనే అతికాను. వేస్తున్నప్పుడే ఒకచోట, అతుకు ముగిసిన దగ్గర, వెంట్రుకంత గీత కనబడింది. గీకి మళ్లీ వేశాను. ఇంకోచోట కనబడింది. అక్కడా వేశాను. ఇంకెక్కడుందో అని వెతకడం మానేశాను. వెతికితే దొరుకుతుందని భయం.

నీళ్లు పోసి చూస్తే కారలేదు. మామ అయస్కాంతం తీశాడు. రేకు మీంచి జారింది, అతుకు మీంచి జారింది, అడుగు మీదికి దొర్లి ఠంగున మోగింది. ఆయన లేచి నిలబడి, మళ్లీ టీకి వచ్చిన ఆ ఆటో డ్రైవర్లిద్దరికీ వినబడేలా అన్నాడు.

"చూసిండ్రా? మా అల్లుడు చేసిండు."

ఎనిమిదేళ్లు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గు లేకుండా చెబుతున్నాను. నల్లద్దం ముసుగు మొహం మీదికి లాక్కుని ఏదో పనున్నట్టు వంగాను. తప్పు రాడ్డు వేసినందుకు దొరికిన మెప్పు అది. అయినా దాన్ని తిరిగి ఇచ్చేయాలని అనిపించలేదు. ఇంటికెళ్లి మా ఆవిడకు ఆ మాట మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆమె "రాడ్డు మార్చిన సంగతి గూడ బాపుకు జెప్పినవా?" అని అడిగింది. నిద్రొస్తోందని పడుకున్నాను.

పెళ్లి ఇంకా మూడు రోజులుందనగా కోవా మొదలుపెట్టారు. పొద్దున్నే నన్నూ పిలిచారు. బర్రెల కొట్టం పక్కన పెద్ద పొయ్యి, దాని మీద నా తొట్టి, అందులో పొద్దుటి పాలన్నీ. నెత్తి మీంచి విమానం చెవులు గింగుర్లెత్తేలా పోయింది, బర్రెలు తోక కూడా కదపలేదు. మామ పెద్ద గరిటె పట్టుకుని, చూడ్డానికొచ్చిన ఊరివాళ్లందరికీ ఒకటే చెబుతున్నాడు. "అల్లుడు చేసిండు. ఎక్కడ వెట్టినా అంటుకోదు."

పాలు పొంగుకొచ్చే సమయానికి పొయ్యిలో చుయ్‌మని శబ్దం వచ్చింది. నేను దగ్గాను. మళ్లీ చుయ్‌మంది. నేను మళ్లీ దగ్గాను. మూడోసారి దగ్గుకు ముందే మామ వంగి చూశాడు. అడుగు మూల నుంచి పాలు ధారగా కారుతున్నాయి. కాలిన పాల వాసన ఊరంతా నిండింది. ఎక్కడెక్కడి కుక్కలూ వచ్చి వరసలో కూర్చున్నాయి. మా అత్త గోధుమపిండి ముద్ద తెచ్చి పగులుకు అద్దితే, అది కాలి రొట్టె అయింది కానీ ధార ఆగలేదు. మంట ఆర్పి, ఉన్న పాలను బిందెల్లోకి, బకెట్లలోకి, చివరికి చెంబుల్లోకి తోడుకునేసరికి సగం పాలు మిగిలాయి.

నేను తిట్లకు సిద్ధమై తల వంచుకున్నాను. మామ నావైపు తిరగనే లేదు. పక్కింటాయన మీదికి పోయాడు.

"పొద్దుగాల వచ్చి ఏమన్నవ్? ‘అబ్బ, ఎంత పెద్దగున్నది’ అన్నవా లేదా? నీ కన్ను తగిలి నా తొట్టి పగిలింది!"

"నేనేమన్న, అన్నా? బాగుందనే గదా అన్న..."

"గదే అంటున్న! ఎవ్వలడిగిండ్రు నిన్ను?"

అల్లుడి పనిలో తప్పుండే వీలే లేదట. అయస్కాంతం చూసింది, ఆయన చూశాడు, ఇద్దరు ఆటోవాళ్లు చూశారు. కాబట్టి ఇది దిష్టే. మా అత్త ఉప్పు, మిరపకాయలు తెచ్చి తొట్టి చుట్టూ మూడుసార్లు తిప్పింది. మామ స్వయంగా నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ కట్టి తొట్టి పిడికి వేలాడదీశాడు. పక్కింటాయన పాపం నిజంగానే తప్పు చేసినవాడిలా గోడ వారగా నిలబడ్డాడు.

ఆ నిమ్మకాయ వెనక నేను హాయిగా దాక్కోవచ్చు. పగులు మీద ఇంకో పూత 310 వేస్తే పెళ్లిదాకా ఆగుతుందేమో. ఆ తర్వాత మళ్లీ కారితే మళ్లీ దిష్టే, ఊళ్లో కళ్లకు కొదవ లేదు. నేను జీవితాంతం అల్లుణ్ణి. ఇదంతా నేను నిజంగానే ఆలోచించాను. కానీ మామ ఒక చెంబు పాలు ఎత్తి, అడుగున నలకలు చూసి, పారబోయడానికి మనసొప్పక మళ్లీ కింద పెట్టాడు. నాలుగున్నరకు లేచి పితికిన పాలవి. ఇక నావల్ల కాలేదు.

"మామా, దిష్టి గాదు. తప్పు రాడ్డు ఏసిన."

అంతా చెప్పాను. మొదటి అతుకే సరైనదని, రెండోది పగులుతుందని తెలిసే వేశానని, ఆయన వేరే షాపుకు పోతాడని భయపడి వేశానని. ‘మా అల్లుడు’ అన్న మాట కోసం దాచానని మాత్రం చెప్పలేకపోయాను.

పక్కింటాయన గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు.

"పగుల్తదని నీకు తెల్సా?" అన్నాడు మామ.

"తెల్సు."

"తెల్సి ఏసినవ్."

"ఏసిన."

"నేను పాలోన్ని. నాకేం తెల్సు నీ రాడ్ల సంగతి? ఎవ్వడో ఒక ముక్క చెప్పిండు, గదే పట్టుకున్న. తెల్సినోనివి నువ్వు." ఆయన గొంతు పెరిగింది. "లొల్లి జేసుడు నా పని. నేను జేస్త. సచ్చెదాక జేస్త. నా లొల్లి ఇనకుంట పని జేసుడు నీ పని. గది గూడ నేనే జేయాల్నా?"

ఇన్నేళ్లలో నన్ను ఎవరెవరో తిట్టారు. ఇంత సరిగ్గా ఎవరూ తిట్టలేదు. ఆయన నన్ను నమ్మకపోవడం గురించి ఎనిమిదేళ్లు కుమిలాను. నా పనిని నేనే నమ్మకుండా ఒక స్పీకరు ముక్కకు అప్పగించానని ఆ పాల వాసనలో తెలిసింది.

మామ వెళ్లి పక్కింటాయనకు క్షమాపణలేమీ చెప్పలేదు. చేతిలో ఒక చెంబు పాలు పెట్టి "తీస్కపో" అన్నాడు. ఆయనా తీసుకుపోయాడు.

ట్రాలీ ఆటోలో తొట్టిని షాపుకు తెచ్చాం. మామ కూడా ఎక్కాడు. 310 ఒక్క చుక్క కూడా మిగలకుండా గీకడానికి మధ్యాహ్నం దాటింది. ఆయన కదలకుండా ముందు కూర్చున్నాడు, మా ఆవిడ పంపిన అన్నం డబ్బా కూడా విప్పలేదు. నేను చేతులు తుడుచుకుని, కొత్త ప్యాకెట్ చించి రాడ్డు తీసి, ముసుగు వేసుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడేసేది ఎవరి ఇష్టమొచ్చిన రాడ్డు? నాదా, నీదా?"

"నాది మామా."

ఆయన చెయ్యి తీసేశాడు. వెలుగు కళ్లకు తగలకుండా గోడ వైపు తిరిగి కూర్చుని, అన్నం డబ్బా మూత తీశాడు.

"అయితే కానీ ఇగ, అల్లుడా."